ఫాయెద్: ఓడల కాలువ పక్కన, మంచినీళ్ల కాలువ మీద

ఈజిప్టులోని సూయజ్ కాలువలో పారేది ఉప్పునీళ్లు. రెండు సముద్రాలను కలిపిన కాలువలో తియ్యటి నీళ్లెలా ఉంటాయంటారా? నిజమే. కానీ ఆ ఉప్పు వల్ల వచ్చిపడే చిక్కు గురించి మనలో ఎంతమంది ఆలోచించాం? ఆ గట్టున కాపురమున్న మనిషి ఆ నీళ్లతో గొంతు తడుపుకోలేడు, గేదెకు తాగించలేడు, మడికి పెట్టలేడు. 193 కిలోమీటర్ల పొడవునా ఎడారి మధ్యలో అన్ని నీళ్లు కనిపిస్తున్నా అందులో ఒక్క చెంబుడు పనికిరావు. అయినా ఆ గట్టు వెంబడి పోర్ట్ సయీద్, ఇస్మాయిలియా, సూయజ్ లాంటి నగరాలున్నాయి. వాటి మధ్య ఫాయెద్ లాంటి చిన్న ఊళ్లున్నాయి. లక్షల జనం, మైళ్ల కొద్దీ మామిడి తోటలు ఉన్నాయి. వీళ్లందరికీ నీళ్లు ఎక్కడివి?

ఇంకో కాలువవి. కైరో ఉత్తరపు కొసన షుబ్రా దగ్గర నైలు నుంచి బయల్దేరి, తూర్పుగా ఎడారిలోకి పోయి, ఇస్మాయిలియా దగ్గర రెండుగా చీలి, ఒక పాయ పోర్ట్ సయీద్ వైపు, ఇంకో పాయ సూయజ్ వైపు పోయే మంచినీళ్ల కాలువ. ఇప్పుడు దాన్ని ఇస్మాయిలియా కాలువ అంటున్నారు. సూయజ్ వైపు పోయే పాయ ఫాయెద్ మీదుగానే పోతుంది. ఓడల కాలువ గురించి ప్రపంచమంతా పుస్తకాలు రాసింది. ఈ కాలువ గురించి అడిగేవాళ్లు లేరు. ఆ ఊళ్లను పుట్టించినది, ఇప్పటికీ బతికిస్తున్నది మాత్రం ఇదే. ఓడల కాలువ ఆ ఊళ్ల నుంచి తీసుకున్నదే ఎక్కువ, ఇచ్చింది తక్కువ. ఫాయెద్ వెళ్లొచ్చాక నాకు కలిగిన అభిప్రాయం ఇది. దీన్ని కాదనేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

కాదనేవాడు మా బాబాయి కొడుకు. విశాఖపట్నం వాడు, సరుకు ఓడల్లో ఇంజనీరు. సూయజ్ కాలువ వాడికి మన హైవే మీద టోల్‌గేటు ఎంత పరిచయమో అంత పరిచయం. కానీ ఎన్నిసార్లు దాటినా ఆ నేల మీద కాలు పెట్టలేదు. ఓడవాళ్లెవరూ పెట్టరు. నేను ఫాయెద్ వెళుతున్నానంటే, "అక్కడేముంది అన్నయ్యా? మేం ఆ చేదు సరస్సులో లంగరేసుకుని చూస్తూనే ఉంటాం. తూర్పున ఇసక, పడమట కాసిని చెట్లు. అంతే," అన్నాడు. ఆ పడమటి చెట్లు ఎక్కడివని నువ్వెప్పుడైనా అనుకున్నావా అని అడిగాను. అనుకోలేదన్నాడు.

2024 ఆగస్టులో పని మీద కైరోలో ఉన్నప్పుడు, ఒక శుక్రవారం మా ఆఫీసు స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరాను. అతని తల్లిదండ్రులది సూయజ్ నగరం. కైరో నుంచి మైక్రోబస్సులో ఇస్మాయిలియా, అక్కడ ఇంకోటి మారి దక్షిణంగా ఫాయెద్. ఇస్మాయిలియా దాటగానే రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలు మొదలవుతాయి. గోదావరి జిల్లాల్లో పుట్టినవాణ్ణి కాబట్టి కాలువ కనిపిస్తే నా కళ్లు ముందు తూముల కోసం వెతుకుతాయి. ఇక్కడా అదే చేశాను. గట్టు మీద యూకలిప్టస్ చెట్లు, గట్టు కింద డీజిల్ ఇంజన్లు, ఇంజన్ల నుంచి పొలాల్లోకి పిల్లకాలువలు. పిల్లకాలువను వాళ్లు మెస్కా అంటారు. నీళ్లు వంతుల ప్రకారం వదులుతారు. వంతు తప్పితే తగాదాలే. ఆ తగాదాలు ఎలా ఉంటాయో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఊరు చిన్నది. ఒక పెద్ద వీధి, మసీదు, కూరగాయల బజారు, చిక్కుడు గింజల కూర ఫూల్, వడల్లాంటి తామియా అమ్మే బళ్లు, బజాజ్ ఆటోలు. (ఈజిప్టు చిన్న ఊళ్లన్నీ మన బజాజ్ ఆటోల మీదే తిరుగుతాయి. అక్కడ వాటిని తుక్‌తుక్ అంటారు.) నన్ను చూడగానే ఆటో కుర్రాడు "హిందీ?" అని అడిగి, నేను తలూపేలోపే అమితాబ్ బచ్చన్ పేరెత్తాడు. తూర్పుకు నాలుగడుగులేస్తే ఊరు అయిపోయి సరస్సు మొదలవుతుంది. దాని పేరు పెద్ద చేదు సరస్సు. ఎండాకాలం శుక్రవారాల్లో కైరో నుంచి కుటుంబాలు కుటుంబాలుగా వచ్చి పడతారు. ఒడ్డులో చాలా భాగం క్లబ్బులది, విడిది గృహాలది. టికెట్టు కొంటేనే నీళ్లలో దిగాలి. మిగిలిన కాస్త ఒడ్డున జనం కిక్కిరిసి ఉన్నారు. ఆడవాళ్లు బట్టలతోనే నీళ్లలో కూర్చున్నారు, పిల్లలు టైరు ట్యూబుల మీద తేలుతున్నారు, వాళ్ల వెనక దూరంగా కంటైనర్లు పేర్చుకుని ఓడలు నిలబడి ఉన్నాయి. వాటి వైపు ఎవరూ చూడటం లేదు. చూసింది నేనొక్కణ్ణే.

ఆ సరస్సు 1869కి ముందు సరస్సు కాదు. ఎండిపోయిన ఉప్పు పర్ర. అడుగున మీటర్ల మందాన ఉప్పు గడ్డకట్టి ఉండేది. ఆ ఏడాది మార్చిలో మధ్యధరా నీళ్లను అందులోకి వదిలారు. ఆ పల్లం నిండడానికి నెలలు పట్టింది. నవంబరు 17న కాలువ తెరిచారు. అంటే ఫాయెద్ జనం ఈదే ఆ నీళ్లు కూడా మనుషులు తెచ్చినవే. ఇక్కడ కాలువ తవ్వడం ఫ్రెంచివాళ్లతో మొదలైన పని కూడా కాదు. సరస్సు దక్షిణపు కొసన కబ్రిత్ దగ్గర పర్షియా చక్రవర్తి దరియస్ వేయించిన రాతి శాసనం ముక్కలు 1866లో దొరికాయి. నైలు నుంచి సముద్రం దాకా కాలువ తవ్వించానని ఆయన అందులో చెప్పుకున్నాడు. ఇరవై అయిదు శతాబ్దాల కింద తవ్విన ఆ కాలువ నైలు నుంచి వచ్చింది. అంటే అందులో పారినది మంచినీళ్లు. పడవలూ నడిచాయి, పొలాలూ తడిశాయి.

మన గోదావరి డెల్టాలోనూ అంతే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువల్లో పడవలు తిరిగాయి, అవే నీళ్లు చేలకు పారాయి. పడవవాడికీ రైతుకీ ఒకే గట్టు. లాకు దగ్గర ఇద్దరూ కలుసుకునేవాళ్లు, పోట్లాడుకునేవాళ్లు. సూయజ్‌లో ఈ రెండూ విడిపోయాయి. ఓడలకు ఒక కాలువ, మనుషులకు ఒక కాలువ. డబ్బు, సైన్యాలు, పేరుప్రతిష్ఠలు మొదటిదాని వెంట నడిచాయి. రెండోది ఎవరికీ పట్టలేదు. ఆ కాలువ సంగతి మొదలైనది అలాగే అనిపిస్తుంది నాకు.

ఎందుకు తవ్వారో చూడండి. 1859 ఏప్రిల్‌లో పోర్ట్ సయీద్ దగ్గర ఓడల కాలువ తవ్వకం మొదలైంది. ఎడారిలో వేల మంది కూలీలు. తాగునీళ్లు ఒంటెల మీదా పడవల్లోనూ రావాలి. అవి చాలక పని నడవలేదు. కాబట్టి ముందు నైలు నుంచి మంచినీళ్లు తేవలసి వచ్చింది. 1862 మొదట్లో ఆ నీళ్లు ఇప్పటి ఇస్మాయిలియా పక్కనున్న తిమ్సా సరస్సు దగ్గరికి, 1863 చివర్లో సూయజ్ ఊరికి చేరాయి. అప్పటిదాకా సూయజ్ జనం కైరో నుంచి రైల్లో వచ్చే నీళ్లు తాగేవాళ్లు. నీళ్లు వచ్చాకే ఇస్మాయిలియా నగరం లేచింది. ఈ పడమటి ఒడ్డున పచ్చదనం మొదలైంది.

ఆ తవ్వినవాళ్లెవరు? వెట్టివాళ్లు. నైలు డెల్టా నుంచి, నైలు ఎగువన దక్షిణపు సయీద్ ప్రాంతం నుంచి ఊళ్లకు ఊళ్లు తరలించి నెలకు 20 వేల మంది చొప్పున పనిలో పెట్టారు. 20 వేల మంది తవ్వుతుంటే ఇంకో 20 వేల మంది వస్తూ, ఇంకో 20 వేల మంది తిరిగి పోతూ ఉండేవారు. ఒక దేశపు రైతాంగంలో అంతమంది దారుల మీదే ఉన్నారంటే పొలాల గతేమిటి? చాలాచోట్ల పార కూడా లేదు, చేతులతో మట్టి ఎత్తారు. ఎంతమంది పోయారన్న దాని మీద చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. 1956 జూలై 26న కాలువను జాతీయం చేస్తూ ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ తన ప్రసంగంలో 1,20,000 మంది అన్నాడు. కాలువ తవ్వించిన ఫ్రెంచి కంపెనీ లెక్కలు అంతకు చాలా తక్కువ చెప్పాయి. నాకు అంతకంటే కష్టం కలిగించే సంగతి ఇంకొకటుంది. ఈ వెట్టిని ఆపించినందుకు ఈజిప్టే కంపెనీకి పరిహారం కట్టింది. 1864లో ఫ్రాన్సు చక్రవర్తి మూడో నెపోలియన్ మధ్యవర్తిగా కూర్చుని 8 కోట్ల 40 లక్షల ఫ్రాంకులు ఈజిప్టు ఇవ్వాలని తీర్పు చెప్పాడు. చౌకగా దొరికే కూలీలు దూరమైనందుకు, కంపెనీకి ఇచ్చిన భూములు వెనక్కి తీసుకున్నందుకు, ఆ మంచినీళ్ల కాలువ తిరిగి పుచ్చుకున్నందుకు. తన నది నీళ్లు పారే కాలువను, తన మనుషులు తవ్విన కాలువను, డబ్బిచ్చి కొనుక్కుంది ఆ దేశం. ఇలాంటి అప్పుల్లో మునిగి 1875లో ఈజిప్టు పాలకుడు ఇస్మాయిల్ పాషా తన కాలువ వాటాలు 40 లక్షల పౌండ్లకు బ్రిటన్‌కు అమ్మేశాడు. ఏడేళ్లకు బ్రిటిషు సైన్యమే వచ్చి కూర్చుంది.

ఆ 1882 యుద్ధం కూడా నీళ్ల దారిలోనే జరిగింది. తెల్లవాళ్ల పెత్తనాన్ని ఎదిరించిన ఈజిప్టు సైన్యాధికారి అహ్మద్ ఉరాబీ మీదికి వచ్చిన సైన్యం ఇస్మాయిలియాలో దిగి, మంచినీళ్ల కాలువ వెంటే కైరో వైపు నడిచింది. తాగడానికి ఆ నీళ్లే దిక్కు. ఉరాబీ మనుషులు కాలువకు అడ్డుకట్టలు వేశారు. సెప్టెంబరు 13న తెల్లవారుజామున తెల్ అల్ కబీర్ దగ్గర అంతా అయిపోయింది. గెలిచిన సైన్యంలో మద్రాసు శాపర్లు, అంటే దారులూ వంతెనలూ వేసే సిపాయిలు ఉన్నారు. తమిళులతో పాటు తెలుగువాళ్లనూ చేర్చుకునే దళం అది. ఆ యుద్ధం పేరు ఇప్పటికీ వాళ్ల రణ గౌరవాల్లో ఉంది. ఉరాబీని సింహళానికి పంపేశారు, 1901లో తిరిగొచ్చాడు. వస్తూ మామిడి టెంకలు తెచ్చాడని ఈజిప్టులో ఎవరినడిగినా చెబుతారు. మామిడి అంతకుముందే ఆ దేశంలో ఉందని కూడా అంటారు కాబట్టి ఆ తగువు తీర్చే పని నాది కాదు. ఫాయెద్‌లో పెద్దాయన మాత్రం ఉరాబీయే తెచ్చాడని గట్టిగా నమ్ముతున్నాడు.

ఆ పెద్దాయన తోటలో ఒక మధ్యాహ్నమంతా గడిపాం. ఫెద్దాన్‌న్నర తోట. ఫెద్దాన్ అంటే మన ఎకరం కంటే పిసరు ఎక్కువ. ఆయన్ని మా స్నేహితుడు "యా హాగ్" (హాజీగారూ అన్నట్టు) అని పిలుస్తుంటే నేనూ అలాగే పిలిచాను. చెట్ల కింద చాప వేయించి, పుదీనా వేసిన టీ పోయించి, కాయలు కోసి పెట్టాడు. ఉవైస్ అనే రకం చూడటానికి చిన్నది, వంకర, పైన ఆకుపచ్చ, లోపల పీచు లేని కండ, గదంతా నిండే వాసన. సుక్కరీ ఇంకా తీపి. హిందీ అనే పొడుగు రకం కూడా పెట్టాడు, నా కోసమే అంటూ. నేను బంగినపల్లి మనిషిని, చిన్న రసాల మనిషిని. ఇంకో దేశపు మామిడిని మెచ్చుకోవడానికి నాకు నోరు రాదు. కానీ ఆ ఉవైస్‌ను మెచ్చుకున్నాను, మళ్లీ మెచ్చుకుంటాను.

ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు జరుగుతున్న రోజులవి. సగం ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోతున్నాయి. 2023లో 26 వేలకు పైగా ఓడలు కాలువ దాటితే 2024లో 13 వేలే దాటాయి. రాబడి 1,025 కోట్ల డాలర్ల నుంచి సుమారు 400 కోట్లకు పడిపోయింది. అందుకని ఆయన్ని అడిగాను, ఓడలు తగ్గాయి కదా మీకేమైనా దెబ్బ తగిలిందా అని. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. ఓడ నా చెట్టుకు నీళ్లు పోయదు, ఓడ నా కాయ కొనదు అన్నాడు. వంతు నీళ్లు ఆలస్యమైతే దెబ్బ, పూత మీద వేడి గాలి కొడితే దెబ్బ. 2021లో ఎండలు ముదిరి ఇస్మాయిలియా అంతటా మామిడి పంట పోయింది. ఆయన లెక్కలో ఆ ఏడాది పెద్ద వార్త అదే. అదే ఏడాది మార్చి 23న ఎవర్ గివెన్ అనే కంటైనర్ల ఓడ కాలువలో అడ్డం తిరిగి ఇరుక్కుంది కదా అంటే, ఆ, అది ఇక్కడే మా ముందే ఉంది చాలా రోజులు, అని సరస్సు వైపు చూపించాడు.

నిజమే, అక్కడే ఉంది. మార్చి 29న ఓడను కదిలించారు కానీ పరిహారం తేలేదాకా జూలై 7 వరకు ఈ చేదు సరస్సులోనే పట్టి ఉంచారు. ఆ ఓడలో 25 మంది. అందరూ మన దేశం వాళ్లే. వాళ్లలో చాలామంది మూడు నెలలకు పైగా ఫాయెద్ మామిడి తోటలను చూస్తూ కూర్చున్నారు.  ఇరుక్కున్న ఆ ఆరు రోజుల్లో రోజుకు 960 కోట్ల డాలర్ల సరుకు ఆగిపోతోందని ఓడల వార్తల పత్రిక లాయిడ్స్ లిస్ట్ అంచనా కట్టింది. మన టీవీలన్నీ ఆ అంకెను పదే పదే చెప్పాయి. ఆగిన సరుకుకు లెక్క ఉంది. అదే కాలువ ఒడ్డున ఆగిపోయిన బతుకులకు ఎవరు లెక్క కట్టారు?

బతుకులు ఆగిపోవడం అని ఊరికే అనడం లేదు. 1967 జూన్ యుద్ధంతో కాలువ మూతపడింది. సరిగ్గా దాటుతున్న 14 ఓడలు ఈ చేదు సరస్సులోనే చిక్కుకున్నాయి. ఎనిమిది దేశాల ఓడలు. ఎనిమిదేళ్లు. ఎడారి ఇసక పట్టి పచ్చబడ్డాయని వాటికి పసుపు నౌకాదళమని పేరొచ్చింది. ఆ నావికులు ఒక సంఘం పెట్టుకున్నారు, తపాలా బిళ్లలు వేసుకున్నారు, 1968లో వాళ్లలో వాళ్లే ఒలింపిక్స్ ఆడుకున్నారు. ఈ కథ గురించి ఎక్కడ చూసినా దొరుకుతుంది. ముచ్చటైన కథే, కాదనను. కానీ అవే ఏళ్లలో ఆ సరస్సుకు అటూ ఇటూ ఏం జరిగింది? తూర్పు గట్టున ఇజ్రాయెల్ సైన్యం, పడమటి గట్టున ఈజిప్టు సైన్యం, మధ్యలో ఫిరంగులు. సూయజ్, ఇస్మాయిలియా, పోర్ట్ సయీద్ నగరాలను ఖాళీ చేయించారు. లక్షల మందిని డెల్టా ఊళ్లకు తరలించారు. బడి గదుల్లో, బంధువుల ఇళ్లలో, తెలియని ఊళ్లలో ఏళ్లకేళ్లు గడిపారు. మా స్నేహితుడి నాన్నగారు చిన్నపిల్లాడిగా డెల్టాలోని జగజిగ్ దగ్గర ఒక బడి గదిలో మూడు కుటుంబాలతో కలిసి పెరిగారట. కాందిశీకులని అక్కడి పిల్లలు వెక్కిరించేవాళ్లట. ఆ మాట నాకు చెబుతూ మా స్నేహితుడు ఉన్నట్టుండి ఇంగ్లీషు వదిలేసి అరబిక్‌లోకి వెళ్లిపోయాడు. హాగ్ అందుకుని మిగతాది చెప్పాడు. నేను అడ్డం రాలేదు.

తరవాత 1973 అక్టోబరు. ఇజ్రాయెల్ సైన్యం దివర్‌సువార్ దగ్గర, అంటే సరస్సు ఉత్తరపు కొసన, కాలువ దాటి పడమటి గట్టుకు వచ్చింది. ఫాయెద్ విమానాశ్రయం పట్టుకుంది. 1974 జనవరి ఒప్పందం తరవాతే వెనక్కి పోయింది. హాగ్ వాళ్ల నాన్న ఆ నెలల్లోనూ చెట్లను వదల్లేదట. అంతకు ముందు రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఫాయెదే మధ్యప్రాచ్యంలోని బ్రిటిషు భూసేనకు ముఖ్య స్థావరం. 1945 ఫిబ్రవరి 14న రూజ్‌వెల్ట్, సౌదీ రాజు ఇబ్న్ సౌద్ కలుసుకున్న యుద్ధనౌక నిలిచినదీ ఈ సరస్సులోనే. మూడు తరాల వాళ్లు తమ ఊరి మీదుగా ఎవరెవరో పోవడం, ఎవరెవరో రావడం చూశారు. తమను అడిగి వచ్చినవాళ్లు లేరు.

ఇక మా తమ్ముడి అసలు అభ్యంతరం. ఓడవాళ్లలో సూయజ్‌కు ఇంకో పేరుంది, మార్ల్‌బరో కాలువ. ఓడ కాలువలోకి రాగానే అక్కడి పడవవాళ్లు, విద్యుద్దీపం చూసేవాళ్లు, ఓడకు దారి చూపే పైలట్లు ఎక్కుతారు, సిగరెట్ పెట్టెలు అడుగుతారు, ఇవ్వకపోతే సతాయిస్తారు అని. "వాళ్లని చూశాక ఆ ఊళ్లు చూడాలనిపించదు అన్నయ్యా. డబ్బంతా వాళ్లదే, మళ్లీ మా దగ్గర దండుకోవడం," అన్నాడు. పదవిలో ఉన్నవాడు అలా అడగడం తప్పే, అందులో వాదన లేదు. వాడి కోపం నాకు అర్థమవుతుంది. కానీ "డబ్బంతా వాళ్లదే" అనే మాట దగ్గర నేను ఆగాను. ఎవరిది? కాలువ రాబడి దేశ ఖజానాకు పోతుంది. ఫాయెద్ బజారులో నేను చూసినది వేరు. అంతకు రెండు నెలల కింద, 2024 జూన్ 1న, రేషన్ రొట్టె 5 పియాస్టర్ల నుంచి 20 పియాస్టర్లయింది. (పియాస్టర్ అంటే ఈజిప్టు పౌండులో వందో వంతు.) దశాబ్దాలుగా కదలని ధర ఒక్క దెబ్బకు నాలుగింతలు. మార్చిలో ఈజిప్టు పౌండు విలువ పడిపోయి డాలరు దాదాపు 50 పౌండ్లయింది. బేకరీ ముందు వరసలో నిలబడ్డ ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నది ఇదే. వాళ్లకు కనిపించే దూరంలో ఒక్కొక్కటీ లక్షల డాలర్ల సుంకం కట్టిన ఓడలు పోతున్నాయి. సిగరెట్లు అడిగినవాణ్ణి చూసి ఆ వరసలో ఉన్నవాళ్లను తూచడం ఏ న్యాయం?

మా స్నేహితుడు నాతో పూర్తిగా ఏకీభవించలేదు. ఆ డాలర్లే లేకపోతే గోధుమలు ఎలా కొంటాం, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ గోధుమ దిగుమతి చేసుకునే దేశాల్లో మాదొకటి, హాగ్ ఇంజనుకు పోసే డీజిల్ ధర కూడా ఆ డాలర్ల మీదే ఉంది అన్నాడు. బలమైన మాటే. కాలువ జాతీయం కాకపోతే ఆ డబ్బు లండన్‌కూ పారిస్‌కూ పోయేదన్నాడు. అదీ నిజమే. 1956ను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. నేననేది ఒకటే. ఓడల కాలువకు కొత్త పాయ తవ్వాలనుకుంటే ఒక్క ఏడాదిలో 35 కిలోమీటర్లు తవ్వి 2015 ఆగస్టు 6న తెరిచారు, ప్రపంచాన్నంతా పిలిచారు. అదే పట్టుదల మంచినీళ్ల కాలువ మీద, దాని మురుగు మీద, చివరి పొలానికి వంతు అందడం మీద కనిపించాలి. ఆ గట్టున ఉన్నవాళ్లు తరతరాలుగా చెల్లించింది గుర్తుపెట్టుకుంటే, కాలువ రాబడిలో మొదటి హక్కు వాళ్ల నీళ్లకే ఉండాలి.

కొంత జరుగుతోంది, అది చెప్పకపోతే తప్పు. ఫాయెద్‌కు ఉత్తరాన సరాబియూం దగ్గర నేల అడుగున పెద్ద గొట్టాల్లో నీళ్లు సూయజ్ కాలువ కింది నుంచి దాటి తూర్పున ఉన్న సినాయ్ ఎడారిలోకి పోతాయి. మహ్‌సమా దగ్గర 2020లో కట్టిన శుద్ధి కేంద్రం రోజుకు పది లక్షల ఘనపు మీటర్ల మురుగు కాలువ నీటిని బాగుచేసి అటు పంపుతుంది. పైన రెండు లక్షల టన్నుల ఓడ, కింద పొలాలకు పోయే నీళ్లు. ఇంజనీరింగు అంటే నాకున్న గౌరవం ఆ ఊరి దగ్గర ఇంకాస్త పెరిగింది. కానీ ఆ నీళ్లన్నిటికీ మూలం ఒకే నది. 1959 ఒప్పందం ప్రకారం ఈజిప్టు వాటా ఏడాదికి 5,550 కోట్ల ఘనపు మీటర్లు. ఆ అంకె అప్పుడెంతో ఇప్పుడూ అంతే. జనం మాత్రం నాలుగింతలయ్యారు. 2025 సెప్టెంబరులో ఇథియోపియా నీలి నైలు మీద పెద్ద ఆనకట్టను ప్రారంభించింది. ఎగువ వాళ్లకూ కరెంటు కావాలి, అది వాళ్ల హక్కు. కాలువ చివర ఉన్న ఫాయెద్ రైతుకు అర్థమయ్యేది మాత్రం శివారు భూముల వాళ్లందరికీ అర్థమయ్యే లెక్కే. పైన ఎవరు గేటు దించినా ముందు ఎండేది తన చేను.

మనవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ కాలువను కాపాడింది ఎక్కువగా భారతీయ సిపాయిలు. 1915 ఫిబ్రవరి 3న ఈ సరాబియూం దగ్గరే తుర్కీ సైన్యం ఎడారి మీదుగా మోసుకొచ్చిన రేకు పడవలతో కాలువ దాటబోతే గట్టు మీద నిలబడి ఆపినవాళ్లలో పంజాబీ పటాలాలున్నాయి. ఆ యుద్ధకాలంలో కాలువ కాపలాకు వచ్చినవాళ్లలో నిజాం పంపిన హైదరాబాదు లాన్సర్లు కూడా ఉన్నారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లదే. చనిపోయిన దాదాపు 4,000 మంది భారతీయుల పేర్లతో 1926లో సూయజ్ ముఖద్వారం దగ్గర పోర్ట్ తౌఫీక్‌లో పెద్ద స్మారకం కట్టారు, రెండు రాతి పులులతో. 1967 తరవాతి యుద్ధాల్లో అది దెబ్బతిని పోయింది. పేర్లు ఇప్పుడు కైరోలో హీలియోపోలిస్ శ్మశానంలో ఉన్నాయి. పిరమిడ్లకు పోయే మనవాళ్లు ఆ దారిలోనే కైరో విమానాశ్రయంలో దిగుతారు. అక్కడికి వెళ్లొచ్చిన తెలుగువాళ్లు నాకింకా తారసపడలేదు.

తిరిగొచ్చాక తమ్ముడికి ఫోనులో ఇదంతా చెప్పాను. చాలాసేపు విని, "పైలట్ల సంగతి మాత్రం నేనొప్పుకోను," అన్నాడు. ఒప్పుకోమని నేనడగలేదు. అయితే వాడొక ప్రశ్న వేశాడు. లంగరేసినప్పుడు పడమటి గట్టున సాయంత్రం పూట పొగలు కనిపిస్తాయి, అవేంటి అని. పొలాల్లో ఎండు కొమ్మలు, చెత్త కాలుస్తారు, రొట్టెల పొయ్యిలు కూడా ఉంటాయి అన్నాను. అన్నేళ్లుగా దాటుతూ ఆ గట్టు గురించి వాడు అడిగిన మొదటి ప్రశ్న అది.

ఈజిప్టు వెళ్లే తెలుగువాళ్లకు ఎనిమిది రోజుల పర్యటనలో ఒక రోజు ఈ వైపు కేటాయించమని నా కోరిక. పిరమిడ్లు, లక్సర్, నైలు మీద పడవ అన్నీ చూడండి. జూలై నుంచి సెప్టెంబరు లోపల వెళితే మామిడి దొరుకుతుంది, శుక్రవారం కాకపోతే జనం తక్కువ. మీ గుర్తింపు కాగితాలు దగ్గరుంచుకోండి, దారిలో తనిఖీలుంటాయి. సూయజ్ కాలువనూ సైన్యం ఉన్న చోట్లనూ ఫొటో తీయకండి. సరస్సు ఒడ్డున కాసేపు ఓడలు చూసి, తరవాత ఊరి మధ్యలోంచి పడమటికి నడవండి. రైలు కట్ట దాటితే మంచినీళ్ల కాలువ వస్తుంది. గట్టు మీద ఎవరినైనా వంతు ఎప్పుడని అడగండి. భాష రాకపోయినా చేత్తో చూపిస్తే అర్థం చేసుకుంటారు. మాట మొదలైందంటే మీరు తొందరగా లేవలేరు, మధ్యాహ్నం బస్సు పెట్టుకోకండి.